బోర్డు మీద చివరి పేరు

"పాలకేంద్రం హిల్దూర్ అంటే మీరేనా?"

కొట్లో పార్సిళ్ళ కిటికీ వెనక నిలబడ్డ అమ్మాయి తూవా మామూలుగానే అడిగింది. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. హిల్దూర్ తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. పిండి సంచుల దగ్గర ఎవరూ లేరు.

"హిల్దూర్‌ని నేనే," అంది.

"ఊళ్ళో ఇంకో హిల్దూర్ గారున్నారు కదా, బడి పక్కన. ఒకరిది ఒకరికి ఇచ్చేస్తానని మా నాన్న ఇట్లా రాసి పెట్టాడు."

పెట్టె మూల మీద నీలం సిరాతో 'పాలకేంద్రం' అని రాసి ఉంది. హిల్దూర్ పెట్టె తీసుకుని, సంచిలో ఆ మూల కిందికి వచ్చేలా సర్దుకుని బయటికి వచ్చింది.

నోర్‌బిన్‌లో ఊరివాళ్ళు మనిషిని ముందు ఇంటి పేరుతో, తరువాత సొంత పేరుతో పిలుస్తారు. ఇక్కడ ఇంటి పేరు రక్తాన్ని బట్టి రాదు, కప్పును బట్టి వస్తుంది. ఆ కప్పు కింద ఎవరుంటే వాళ్ళది ఆ పేరు. కొనుక్కున్నవాళ్ళైనా, కాపురానికి వచ్చినవాళ్ళైనా, పశువుల పనికి కుదిరినవాళ్ళైనా అంతే. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు పేరును కూడా గడపలోనే వదిలి వెళ్ళాలి. ఈ పద్ధతి ఎంత ధర్మమైనదో హిల్దూర్ చాలామందికి చెప్పింది, అది తన వైపు ఉన్నంతకాలం. సంక్షేమ శాఖ వాళ్ళు నాలుగేళ్ళ పిల్లను సిమొన్స్ వారి గుమ్మంలో దింపి వెళ్ళిన మరుసటి వసంతానికే ఊరంతా ఆమెను సిమొన్స్ హిల్దూర్ అంది. జుట్టు నెరిసేదాకా ఇంకో పేరు లేదు. పెంచిన రూత్ పిన్ని పోయాక ఆ ఇల్లు ఊరి వారసత్వ సంఘం చేతికి మ్యూజియంగా వెళ్ళింది. హిల్దూర్ పాత పాలకేంద్రం స్థలంలో కట్టిన వరస ఇళ్ళలో ఒకటి అద్దెకు తీసుకుంది. రెండు చలికాలాలు గడిచాయి. పద్ధతి తన పని తాను చేసుకుపోతోంది.

ఈ శనివారం మ్యూజియం మొదటిసారి తెరుస్తారు. అంతవరకు ఇల్లు తుడవడం, కడగడం హిల్దూర్ పని. సంఘంలో ఆ పనికి ఎవరూ పోటీ రాలేదు.

సైకిల్‌ను సిమొన్స్ వారి వాకిట్లో, ఎప్పుడూ ఆనించే చోటే, ధాన్యపు కొట్టు గోడకు ఆనించింది. ముందు గదిలో రెండు కొయ్య స్టాండ్ల మీద పొడవాటి బోర్డు పరిచి ఉంది. పెయింటర్ ఎస్తెన్ దాని మీదికి వంగి ఉన్నాడు. చెయ్యి వణక్కుండా మణికట్టు కింద సన్నని కర్ర ఆనించుకుని అక్షరాల అంచులు దిద్దుతున్నాడు. గదంతా అవిసె నూనె వాసన.

"తొక్కకు, డబ్బా ఉంది అక్కడ," అన్నాడు తల ఎత్తకుండానే. "సొంతిల్లు అనుకుని దూసుకొస్తావు నువ్వు."

"మరెవరిది?" అంది హిల్దూర్.

"సంఘానిది. రసీదు కూడా ఉందిట." ఎస్తెన్ నవ్వి పక్కకు జరిగాడు. "చూడు, ఎట్లా వచ్చిందో. మూడు వందల ఏళ్ళ సిమొన్స్ వాళ్ళు."

ఎర్రమట్టి రంగు పూత మీద తెల్లటి అక్షరాలు. సిమొన్స్ అన్‌దెర్స్. సిమొన్స్ బ్రీత. ఒకరి కింద ఒకరు, మగా ఆడా. పేర్ల చుట్టూ నీలం, పసుపు పువ్వుల తీగ. హిల్దూర్ పైనుంచి చదువుకుంటూ వచ్చింది. వాళ్ళలో చాలామంది గురించి రూత్ పిన్ని చెప్పిన కథలు తెలుసు. ఈయన మంచు పగిలి సరస్సులో పడ్డాడు, ఈవిడ తలుపు వెనక నిలబడి రొట్టె తినేది. దిగువన సిమొన్స్ నీల్స్. ఆయన కింద సిమొన్స్ రూత్. ఆమె కింద సిమొన్స్ అక్సెల్.

దాని కింద జానెడు ఖాళీ ఉంది.

"ఇది ఇంకా అవలేదా?" అని అడిగింది హిల్దూర్. గొంతు మామూలుగానే రావాలని ఒకసారి సర్దుకుని మరీ అడిగింది.

"పేర్లు అయిపోయినై. అక్కడ ఒక పూలకుండీ వేస్తా. అడుగున బరువుంటే బోర్డుకు అందం."

ఆమె బకెట్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది. నీళ్ళు నిండి అంచు మీదుగా పొర్లుతున్నా కాసేపు చూస్తూనే ఉంది. ఆ బోర్డు మీద బతికున్నవాడు రూత్ పిన్ని కొడుకు అక్సెల్ ఒక్కడే. పన్నెండేళ్ళప్పుడు చదువుకని ఫాలున్ పట్నం వెళ్ళి, చుట్టపుచూపుగా తప్ప మళ్ళీ రానివాడు. ఊళ్ళో అతన్ని ఫాలున్ అక్సెల్ అంటారు, వేరే పేరే లేదు. అతనికి పేరు ఉంది, తనకు పూలకుండీ ఉంది. బోర్డు మీద ఎక్కితే ఇక ఏ పెట్టె మీద ఎవడు ఏం రాసినా లెక్క ఉండదని ఆమె అనుకుంది. అది ఎప్పుడు అనుకుందో తనకే తెలియదు. ఇప్పుడు, లేదని తేలాక, ఎంతగా అనుకుందో తెలిసింది.

*

వంటింటి నేల పైన్ పలకలది. దాన్ని తడి ఇసుకతో, జూనిపర్ పొద కొమ్మల కట్టతో, చెక్క గీత పోయే వైపే తోమాలి. అడ్డంగా తోమితే పీచు లేస్తుంది. మర్నాడు హిల్దూర్ కిటికీ వైపు నుంచి మొదలుపెట్టింది. సంఘం అధ్యక్షురాలు సోల్‌వేగ్ కూడా చొక్కా చేతులు పైకి మడిచి మోకాళ్ళ మీద దిగింది. ఆమె యెవ్లె పట్నంలో బడి పంతులమ్మగా రిటైరై వచ్చి ఊరి చివర లిస్మత్స్ ఇల్లు కొనుక్కుంది. ఆమెకు ఓపిక ఉంది గాని ఒడుపు లేదు.

"అడ్డంగా పోతున్నావు," అంది హిల్దూర్.

"ఓహో, పోతున్నానా?" సోల్‌వేగ్ దిశ మార్చింది. "ఈ గదిలోనే టికెట్ బల్ల వేద్దామనుకున్నాం. ఇట్లా తెల్లబడుతుంటే మనసు రావడం లేదు. ముందు గదిలో వేస్తాం."

"మంచి పని."

"నీకు ఏమైనా చెప్పాలని ఉంటే చెప్పు హిల్దూర్. ఇక్కడ ఎట్లా ఉండేదో, ఏది ఎక్కడ ఉండేదో."

హిల్దూర్ ఇసుక చల్లింది. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ బోర్డు ఎవరు చెప్పి రాయించారు అని ఒక్క మాట అడిగితే చాలు. అడిగి పెట్టించుకున్న పేరు బిచ్చమవుతుంది అనిపించింది. నాలుగేళ్ళప్పుడు అట్టపెట్టె పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడ్డప్పుడు కూడా ఆమె లోపలికి రానా అని అడగలేదు. రూత్ పిన్నే చెయ్యి పట్టుకుని లాగింది.

"పొయ్యి పక్కన కట్టెల పెట్టె ఉండేది. నిండుగా," అంది చివరికి.

కిటికీ చప్పుడైంది. పక్కింటి యూగస్ ఆల్గొత్ రెండు మోచేతులూ గట్టు మీద పెట్టి లోపలికి చూస్తున్నాడు. ఎనభై దాటాయి, కాళ్ళు సహకరించవు, నోరు మాత్రం చక్కగా పనిచేస్తుంది.

"ఇద్దరూ సిమొన్స్ పనిమనుషులేనా, ఒకరేనా?"

"నేను లిస్మత్స్‌ని," అంది సోల్‌వేగ్ గర్వంగానే.

"నీకు ఆ పేరు ఎప్పుడొచ్చిందో చెప్పనా? మొదటి చలికాలం సగంలో కట్టెలైపోయి మా ఇంటికొచ్చి ఏడ్చావు. మళ్ళీ పారిపోలేదు. మార్చిలో నిన్ను లిస్మత్స్ అన్నాం. ఒక చలికాలం కట్టెలు మోసి లోపల పెట్టినవాళ్ళది పేరు. కాగితం మీద కొన్నవాళ్ళది కాదు."

"ఏడవలేదు. ముక్కు కారింది," అంది సోల్‌వేగ్.

"మరి ఇక ఈ ఇంటి పేరు ఎవరికి వస్తుంది?" అన్నాడు ఆల్గొత్. "రాత్రి ఎవరూ పడుకోరు, కట్టెలు ఎవరూ మొయ్యరు. టికెట్ కొన్నవాళ్ళందరూ సిమొన్స్ వాళ్ళేనా?"

సోల్‌వేగ్ నవ్వింది. హిల్దూర్ నవ్వలేదు. వంగి, పలకలు బాగా అరిగిన చోట తోముతూ ఉంది. పొయ్యికీ బల్లకీ మధ్య నడిచి నడిచి రూత్ పిన్ని అరగదీసిన చోటు అది. తరువాత తను అరగదీసింది. చేతి కింద ఆ పల్లం తగిలితే, ఈ ఇంట్లోనే చచ్చిపోయి ఉంటే బాగుండేది అని ఒక్క క్షణం గట్టిగా అనిపించింది.

"ఏమే, పలకవు?" అన్నాడు ఆల్గొత్.

"పనిలో ఉన్నాను మావా. కిటికీ మీద నుంచి చేతులు తియ్యి, ఇప్పుడే తుడిచాను."

ఆల్గొత్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాక సోల్‌వేగ్ చెయ్యి తుడుచుకుని లేచింది. "పెద్ద గదిలో పరిచే గుడ్డపీలికల చాపలు కూడా ఉతకాలి. రేపు అక్సెల్ వస్తున్నాడు, బరువు పట్టడానికి అతన్ని తీసుకెళ్ళు. పాపం, ఎంత సాయం చేశాడో. ఆ పేర్లన్నీ అతనే వరసగా చెప్పాడు."

"అక్సెలే చెప్పాడా?"

"మొత్తం. నోటికి వచ్చు అతనికి."

హిల్దూర్ మురికి నీళ్ళు తీసుకెళ్ళి వాకిట్లో పారబోసింది. గట్టిగానే పారబోసింది, ఎస్తెన్ సైకిల్ తడిసింది.

*

చాపలు ఉతకడానికి సరస్సు ఒడ్డున నీళ్ళలోకి చొచ్చుకుపోయే చెక్క వంతెన ఉంది. జూన్‌లో ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ మోకాళ్ళ మీద ఉంటారు. ఆ ఉదయం హిల్దూర్, అక్సెల్ తప్ప ఎవరూ లేరు. అక్సెల్ పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. భూముల కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నల్లటి బూట్లు ఒడ్డున జతగా పెట్టి, ప్యాంటు మడుచుకుని, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"ఆ చివర పట్టుకో," అంది హిల్దూర్.

చాపను నీళ్ళలోకి వదిలారు. అది తడిసి బరువెక్కి మునిగాక పైకి లాగి వంతెన మీద పరిచారు. పైన్ సబ్బు నీళ్ళు పోసి, గట్టి బ్రష్షుతో ఒక చివర నుంచి ఆమె, ఇంకో చివర నుంచి అతను రుద్దడం మొదలుపెట్టారు. నురగ గోధుమరంగులో చెక్కల సందుల్లోంచి కారింది. రంగులు ఒక్కొక్కటే లేచాయి.

అక్సెల్ బ్రష్షు ఆపి చూశాడు. "ఈ నీలం?"

"నీల్స్ బాబాయ్ పని చొక్కాలు."

"నాన్నవా." ఆ చార మీద అరచెయ్యి పెట్టాడు. "ఈ ఎర్రగళ్ళది?"

"నా బడి గౌను. పక్కన తెల్లది పిన్ని ఏప్రన్. ఆ పసుపు కిటికీ తెర, పిల్లి చింపేసింది."

"మరి నాది?"

హిల్దూర్ చాప వైపు చూసింది. అతని మోకాలి దగ్గరే, నీలం చారల మధ్య సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి ఉంది.

"నీ బట్టలు ఇక్కడెక్కడ చిరిగాయి?" అంది. "ఫాలున్‌లో చిరిగాయి."

అతను తల ఊపాడు. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. చాప మధ్యకు వచ్చేసరికి ఇద్దరి బ్రష్షులు దగ్గరయ్యాయి. ఇక హిల్దూర్ ఆగలేకపోయింది.

"బోర్డు మీద మాత్రం చక్కగా కుదిరావు."

"చూశావా?"

"నేను కడిగే ఇంట్లో పెట్టి నేను చూడనంటే ఎట్లా? పేర్లు నువ్వే ఇచ్చావటగా."

"ఇచ్చాను." అక్సెల్ వెనక్కి వాలి మడమల మీద కూర్చున్నాడు. "అమ్మ చెప్పింది. నేను ఇచ్చాను."

"పిన్ని చెప్పిందా?"

"ఆసుపత్రిలో. ఇల్లు సంఘానికి ఇచ్చేద్దామన్నప్పుడే, ఈ ఇంట్లోంచి పోయినవాళ్ళందరి పేర్లూ గోడ మీద ఉండాలంది. ఒక్కొక్కరే చెప్పింది. నేను వింటూ కూర్చున్నా. చివర, మరి హిల్దూర్ అని అడిగాను. అడగలేదనుకోకు."

హిల్దూర్ బ్రష్షు వదల్లేదు. "ఏమంది?"

"'హిల్దూర్ ఎందుకు? ఇది పోయినవాళ్ళ బోర్డు. హిల్దూర్ ఎక్కడికి పోయింది, పొయ్యి దగ్గరే ఉందిగా,' అంది."

నీళ్ళు వంతెన స్తంభాలకు తగిలి వెనక్కి పోతున్నాయి.

"మరి నీ పేరు?"

"ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను, హిల్దూర్. 'మా అక్సెల్ పోయాడు. వాడిని రాయించు,' అంది."

"నిన్ను గుర్తుపట్టలేదేమో."

"గుర్తుపట్టింది. 'నువ్వు రాయించు, అక్సెల్' అనే అంది."

అతను అది చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. హిల్దూర్‌కు అతని మీద జాలి కలిగింది. ఆ జాలి మీద వెంటనే కోపం వచ్చింది.

"పిన్ని అంటే అంది. నువ్వు చేర్చొచ్చుగా నా పేరు? నీ చేతిలో పనే కదా."

"చేర్చొచ్చు." అక్సెల్ బ్రష్షు పక్కన పెట్టాడు. "ఈ ఊళ్ళో ఆ ఇంటి పేరు పక్కన నా పేరు ఉండేది ఆ బోర్డు మీద ఒక్కచోటే. పోయినవాడిగానైనా సరే. నీ పేరు కూడా ఉంటే అది నీ బోర్డు అయిపోతుంది. నన్నెవరూ చూడరు. ఈ వయసులో ఇట్లాంటి లెక్కలు వేస్తాననుకోలేదు. వేశాను."

హిల్దూర్ లేచి చాప ఒక చివర అందుకుంది. "పిండుదాం, పట్టు."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తిప్పారు. అతను కూడా ఆమె తిప్పిన వైపే తిప్పాడు. చాప మెలిపడకుండా ఇద్దరి మధ్య గిర్రున తిరిగి, నీళ్ళన్నీ అతని ప్యాంటు మీద పడ్డాయి.

"అటు కాదు, ఇటు! కొలతలు ఎట్లా వేశావయ్యా నువ్వు?"

"ఆఫీసులో చాపలు ఉండేవి కావు," అన్నాడు అక్సెల్.

*

శుక్రవారం రొట్టెలు కాల్చే రోజు. వంటల పాకలో హిల్దూర్ తెల్లవారుజామునే పొయ్యి వెలిగించి, నిప్పులు ఒక పక్కకు లాగి, రాతిపలక చీపురుతో తుడిచింది. బార్లీ పిండి ముద్దను గాడులున్న అప్పడాల కర్రతో, ఎత్తి పట్టుకుంటే అవతల వెలుగు కనపడేంత పల్చగా ఒత్తి, పొడవాటి బద్ద మీద చుట్టి, లోపల పరిచి, బుడగ రాగానే తిప్పెయ్యాలి. చేతులకు తెలిసిన పని. మనసు మాత్రం వంతెన దగ్గరే ఉండిపోయింది.

పొయ్యి దగ్గరే ఉందిగా. ఆ మాటను ఆమె రొట్టె తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. మొదట కోపం వచ్చింది, పొయ్యి దగ్గర ఉండేది పనిమనిషి కూడా కదా అని. తరువాత రూత్ పిన్ని గొంతు చెవిలో పడింది. చీకటి పడేముందు వంటింటి తలుపు తీసి, వాకిట్లోకి, ఇంటి పేరుతో సహా అరిచేది. సిమొన్స్ అక్సెల్! సిమొన్స్ హిల్దూర్! కట్టెలు! ఇద్దరూ పోటీలు పడి పరుగెత్తేవాళ్ళు. అక్సెల్ ఫాలున్ వెళ్ళిపోయాక కూడా కొన్నాళ్ళు అలవాటు మీద రెండు పేర్లూ అరిచింది. తరువాత ఒకరోజు ఒక్క పేరే అరిచింది. ఆ రోజు హిల్దూర్‌కు బాగా గుర్తుంది. ఒక్కతే మోసినా ఆ కట్టెలు బరువనిపించలేదు. ఇల్లంతా తనదే అయినట్టు సంతోషపడింది.

పిన్నికి ఆ రోజు ఏమై ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కన్నవాళ్ళు వదిలేసిన పిల్ల కాబట్టి ఎవరైనా మనుషులను లెక్కపెడుతుంటే హిల్దూర్ భయంగా చూసేది, తను లెక్కలోకి వస్తుందా రాదా అని. పిన్ని మాత్రం ఆమెను లెక్కపెట్టనే లేదు. పొయ్యిని, కిటికీని ఎవరు లెక్కపెడతారు? ఉంటాయి, అంతే. ఈ సంగతి అర్థమయ్యేసరికి పొయ్యిలో రొట్టె మాడింది. ఆమె దాన్ని తీసి పక్కన పడేసి, ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. కళ్ళలో పిండి పడింది.

"ఇప్పుడు నీ పొయ్యి దగ్గర ఎవరూ లేరు పిన్నీ," అంది పైకే. "నేను కూడా వచ్చేశాను."

*

శనివారం మధ్యాహ్నానికి వాకిలి నిండింది. ఎవరో ఫిడేలు తెచ్చారు. సోల్‌వేగ్ కాఫీని ఇంటి నుంచి ఫ్లాస్కుల్లో తెప్పించింది. ఆ కాఫీ ఒక గుక్క తాగి, హిల్దూర్ మాట్లాడకుండా వంటింటి పొయ్యి వెలిగించి, కెటిల్ పెట్టింది. పొగగొట్టం పోయిన శరదృతువులోనే శుభ్రం చేశారు, ఎవరూ కాదనలేరు. కట్టెల పెట్టెలో మాత్రం నాలుగు పుల్లలే ఉన్నాయి, ప్రదర్శన కోసం అందంగా పేర్చినవి. అవి నాలుగూ పొయ్యిలో పెట్టేసింది.

ముందు గది గుమ్మానికి అడ్డంగా, లోపలి వైపు, ఉతికిన చాప పరిచి ఉంది. పక్కన సోల్‌వేగ్ ముద్దుగా రాసిన చీటీ, 'దయచేసి తొక్కవద్దు'. అందరూ దాన్ని జాగ్రత్తగా దాటుకుంటూ ముందు గది నిండా నిలబడ్డారు. గోడ మీద బోర్డుకు దుప్పటి కప్పి ఉంది. దాని పక్కనే అక్సెల్, ఇస్త్రీ చొక్కాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుని ఉన్నాడు.

సోల్‌వేగ్ దుప్పటి లాగింది. చప్పట్లు. పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. పాతవాళ్ళు కొందరి పేర్లకు తల ఊపారు. ఆఖరి పేరు దగ్గర కొందరు ఒకరినొకరు చూసుకున్నారు. సిమొన్స్ అక్సెల్ అనే మాట ఆ ఊరు విని చాలా ఏళ్ళైంది.

"అయిపోయిందా?" కుర్చీలో కూర్చున్న ఆల్గొత్ అన్నాడు. "హిల్దూర్ ఏది?"

"హిల్దూర్ వంటింట్లో—" అంది సోల్‌వేగ్.

"వంటింట్లో ఉందని నాకూ తెలుసు, కాఫీ వాసన వస్తోంది. బోర్డు మీద ఏదీ అని. ఈ ఇంట్లో అరవై చలికాలాలు కట్టెలు మోసిన మనిషికి పేరు లేదు, పూలకుండీకి చోటుందా? పంతులమ్మ గారూ, ఏం లెక్క ఇది?"

సోల్‌వేగ్ మెడ దాకా ఎర్రబడింది. ఆమె మంచి మనిషి. తప్పు తెలియగానే దిద్దడానికి ఒక్క క్షణం ఆలోచించదు. "నిజమే. ఎంత పొరపాటు! హిల్దూర్, ఒకసారి రా. ఎస్తెన్, రంగు ఉందిగా? ఆ పువ్వుల మీద రాసేద్దాం. ఇప్పుడే, అందరి ముందే."

అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. హిల్దూర్ అక్కడ నిలబడి ఉంది, చేతిలో పొయ్యి ఎగదోసే ఇనప చువ్వ. బోర్డు చూసింది. జానెడు చోటు. ఈ వారమంతా ఆమె కోరుకున్నది అదే, అడక్కుండానే వచ్చింది. ఊరు మొత్తం సాక్షి. తల ఊపితే చాలు.

అక్సెల్ ఆమె వంక చూడటం లేదు. నేల చూస్తున్నాడు.

"వద్దు," అంది హిల్దూర్.

"మొహమాటపడకు," అంది సోల్‌వేగ్.

"మొహమాటం కాదు. అది పోయినవాళ్ళ బోర్డు. నేనెక్కడికి పోయాను?" చువ్వ ఎత్తి బోర్డు అడుగు వైపు చూపించింది. "ఒక తప్పు మాత్రం ఉంది. ఆ చివరి పేరు. అది చెరిపెయ్యండి."

గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె కక్ష తీర్చుకుంటోంది అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. అక్సెల్ చెవులు ఎర్రబడ్డాయి. తల ఇంకా వంచి, "సరే," అన్నాడు చిన్నగా. "చెరిపెయ్యి ఎస్తెన్. ఆమె అన్నది నిజమే."

"బతికున్న మనిషి పేరు అక్కడ ఎవరు రాస్తారు?" అంది హిల్దూర్. "పోయాడనుకుని రాశారు. పోయినవాడైతే అక్కడ నిలబడి ఉన్నదెవరు?"

తరువాత ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి రెండడుగులు వేసి, పొయ్యి దగ్గర నుంచి, రూత్ పిన్ని అరిచినట్టే, గొంతు ఎత్తి వాకిలంతా వినపడేలా అరిచింది.

"సిమొన్స్ అక్సెల్! కట్టెలు!"

అక్సెల్ తల ఎత్తాడు. ఆ మొహం చూసినవాళ్ళు తరువాత చాలాకాలం దాని గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరు ముగ్గురిని తోసుకుంటూ, ఇస్త్రీ చొక్కాతోనే, అతను పరుగులాంటి నడకతో బయటికి వెళ్ళిపోయాడు. కట్టెల పాక ఎటువైపో ఎవరినీ అడగలేదు.

"విన్నారుగా," అన్నాడు ఆల్గొత్ గొంతు సవరించుకుని. "రాయరా ఎస్తెన్... కాదు, చెరుపు."

ఎస్తెన్ మూలన పెట్టిన డబ్బా మూత విప్పి, వెడల్పు బ్రష్షు ముంచి, ఆ పేరు మీద ఎర్రమట్టి రంగు ఒక్కసారి లాగాడు. తెల్ల అక్షరాలు కాసేపు లోపలి నుంచి కనిపించాయి. రెండోసారి లాగాడు. ఇప్పుడు బోర్డు రూత్ పేరుతో అయిపోయింది. కింద తడి రంగు, దాని కింద పూలకుండీ.

కొట్లో పార్సిళ్ళ పిల్ల తూవా జనంలోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "మరి మీ పెట్టె మీద ఇప్పుడేం రాయమంటారు మా నాన్నని?"

"పాలకేంద్రమనే రాయమను," అంది హిల్దూర్, కెటిల్ దింపుతూ. "పార్సిల్ అక్కడికేగా వచ్చేది."

ఆ మాట నోటితో అనేసరికి ఎక్కడో లోపల కలుక్కుమంది. సాయంత్రం ఈ తలుపు బయట నుంచి తాళం వేసి, సైకిలెక్కి ఆ వరస ఇళ్ళకే వెళ్ళాలి. ఈ పొయ్యి చల్లబడిపోతుంది. అది మారదు.

అక్సెల్ రెండు చేతుల నిండా, గడ్డం దాకా కట్టెలు పేర్చుకుని వచ్చాడు. చొక్కా మీద బెరడు, చేతికి చీరుకున్న గీత. గుమ్మంలో చాప దగ్గర ఆగిపోయాడు. కట్టెల మీదుగా చీటీ కనపడుతోంది. దాటడానికి కాలు ఎత్తాడు గాని అంత బరువుతో దాటలేకపోయాడు.

"తొక్కు," అంది హిల్దూర్.

"ఉతికాం కదా. చీటీ కూడా ఉంది."

"తొక్కమంటున్నాగా. ఆ ఆకుపచ్చ గీత నీ కోటే. నువ్వు వదిలేసి వెళ్ళింది. కొక్కేనికి ఏళ్ళ తరబడి అట్లాగే వేలాడింది. నేనడిగినా ఇవ్వలేదు పిన్ని, నువ్వొస్తే తొడుక్కుంటావని. నీకిక పట్టదని తెలిశాక కత్తిరించి నేసింది. ఆ రోజు నేను చెప్పలేదు."

అతను కట్టెల మీదుగా కిందికి చూడటానికి ప్రయత్నించాడు. కనపడలేదు. కాలితో తడిమినట్టు మెల్లగా చాప మీద అడుగు పెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఎక్కడ పెట్టను ఇవి?" అన్నాడు.

"ఎక్కడ పెట్టేవాళ్ళం?"

అక్సెల్ పొయ్యి పక్కనున్న పెట్టె దగ్గరికి నడిచి, వంగి, కట్టెలన్నీ దభాలున పడేశాడు. బెరడు, రంపపు పొడి, ఒక సాలీడు తెల్లగా తోమిన నేల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. హిల్దూర్ చీపురు కోసం చూసింది. తరువాత, ఉండనీలే అనుకుని, కప్పులు తీసింది.